మా కుక్క పొట్ట మీది బొగ్గు మచ్చలు

మా కుక్క నాతో పాటు బాయి దిగిన కుక్క. నెత్తికి లైటు లేకుండానే ఆ చీకట్లో దారి పట్టేది. పైన బండ కదలబోతుంటే మనుషుల కంటే ముందు దానికే తెలిసేది. ఒకసారి నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగి నా ప్రాణం కాపాడింది.

పై మాటల్లో నిజం ఒక్కటే, మాకు కుక్క ఉంది. బొగ్గుగనిని మా శ్రీరాంపూర్‌లో బాయి అంటాం. నేను బాయి పని చాలించి ఇంట్లో కూర్చున్నాక పుట్టిన కుక్క అది. బాయి సంగతి అటుంచండి, మా ఇంటి ముందున్న మోరీ కూడా దిగదు. వానాకాలంలో మోరీ నిండా నీళ్లు పారుతుంటే అవతలికి ఎట్లా దాటాలని నా మొహం చూస్తుంది. అయినా చాయ్ హోటల్లో కూర్చుని ఈ కథ చెప్పినప్పుడు నమ్మినవాళ్లు నమ్మారు. నమ్మనివాళ్లు కూడా చివరిదాకా విన్నారు. చెప్పేవాడికి అంతకంటే ఏం కావాలి?

ఈ కథ పుట్టింది మాత్రం హోటల్లో కాదు, మా పెరట్లో.

మా ఇంట్లో వంట గ్యాసు మీద అయినా, స్నానాల నీళ్లు ఇంకా బొగ్గు పొయ్యి మీదే కాగుతాయి. అందుకని పెరట్లో చిన్న బొగ్గు కుప్ప ఎప్పుడూ ఉంటుంది. ఆ పొద్దున కుక్క ఆ కుప్ప పక్కన వెల్లకిలా పడుకుని, నాలుగు కాళ్లూ పైకి పెట్టి ఎండ కాచుకుంటోంది. ఒళ్లంతా బెల్లం రంగు, పొట్ట మాత్రం లేత గులాబీ. మా ఇంటామె చాటలో బియ్యం చెరుగుతూ దాని వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. ఆ రెండో చూపు వెనక ఏదో పని ఉంటుందని పెళ్లయినప్పటి నుంచీ నాకు తెలుసు.

"గా కుక్క పొట్ట ఎన్నడన్న జూసినవా?"

"పొట్టకేమైంది? మంచిగనే తింటుంది."

"తినుడు గాదయ్యా. గా మచ్చలు జూడు. గదువ కింద గింజలు జూడు. కంటి రెప్ప మీద ఏదో లేసింది. గజ్జి గిట్ల అయితే ఎట్ల?"

లేచి వెళ్లి చూశాను. పొట్ట మీద అక్కడక్కడ నల్లటి మచ్చలు, సిరా పెన్ను విదిలించినట్టు. గడ్డం కింద నల్ల మొనలున్న చిన్న చిన్న గింజలు. ఎడమ కంటి పై రెప్ప మీద మిరియపు గింజంత కాయ. కుక్కతో ఊరంతా తిరిగే మనిషిని, దాని పొట్ట వైపు ఒక్కసారీ సరిగా చూడలేదు. ఇవన్నీ రాత్రికి రాత్రి వచ్చినట్టే అనిపించింది నాకు.

ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. మా బిడ్డ తొలి కాన్పుకు మా ఇంటికి రాబోతోంది. ముందు గదికి సున్నం వేయించాం. నులక మంచం బిగించాం. పాత చీరలన్నీ ఉతికి, పొత్తిగుడ్డలకు చింపి, మడతలు పెట్టింది మా ఇంటామె. ఇంటికి పసిగుడ్డు వస్తుందంటే గడప అవతలి గాలిని కూడా అనుమానంగా చూసే రోజులవి.

"గజ్జే అయితే ఆదివారం మా తమ్మునితోని పంపిస్త," అంది ఆమె. "పత్తి చేన్ల కావలికి వానికి కుక్క గావాల్నట."

ఆమె తమ్ముడు ఆసిఫాబాద్ దగ్గర ఉంటాడు. ఆదివారం ట్రాలీ ఆటోలో కందులు వేసుకుని మా ఇంటికి వస్తున్నాడు. వచ్చేటప్పుడు కందులు, పోయేటప్పుడు కుక్క. లెక్క కుదిరిపోయినట్టే మాట్లాడింది.

నా మాటలు ఇంట్లో అందరికీ పాతబడిపోయాయి. బిడ్డ ఫోన్లో "బాపూ, గిది మొన్ననే చెప్పినవ్" అంటుంది. మా ఇంటామె అయితే నేను మొదలుపెట్టగానే కథ ముగింపు చెప్పేసి లేచిపోతుంది. ప్రతిసారీ చెవులు నిక్కబొడుచుకుని, మొదటిసారి విన్నట్టు వినేది ఈ కుక్క ఒక్కటే. అది పత్తి చేను కాపలాకు పోతే నేను ఎవరికి చెప్పాలి?

"గజ్జి గాదే. అది బొగ్గు," అన్నాను.

ఇది కల్పించి చెప్పిన మాట కాదు. ఆ క్షణాన నిజంగానే అట్లా అనుకున్నాను. బయటి ఊళ్ల వాళ్లకు ఇది వింతగా ఉంటుంది కాబట్టి కొంచెం చెప్పాలి. బాయిలో పని చేసేటప్పుడు ఒంటికి దెబ్బ తగిలి చర్మం తెగితే, ఆ గాయంలోకి బొగ్గు పొడి దూరుతుంది. పైన చర్మం మూసుకుపోతుంది, పొడి లోపలే ఉండిపోతుంది. నీలంగా, నల్లగా ఒక మచ్చ. ఇక కాటికి పోయేదాకా మనతోనే. మా ఈడు వాళ్లను ఎవరిని చూసినా మోచేతి మీదో వీపు మీదో ఒకటి ఉంటుంది. నాకు కుడి కనుబొమ్మ పైన చింతగింజంత ఉంది. బండ కూలినప్పుడు పక్కవాణ్ణి తోసేసి దెబ్బ నేను తిన్నానని చెబుతుంటాను. అసలు సంగతి, ఆ రోజు సద్దిలో కోడిగుడ్డు కూర ఉందని ఆత్రంగా పోతూ బొగ్గు మోసే టబ్బు అంచుకు తల కొట్టుకున్నాను.

అంత కాలం ఆ మచ్చల మధ్య బతికినవాడికి బొగ్గు కుప్ప పక్కన పడుకున్న కుక్క ఒంటి మీద నల్ల మచ్చ కనబడితే ఇంకేం తోస్తుంది?

"బొగ్గయితే కడుగు," అంది ఆమె. "పోతదేమో జూస్త."

సాయంత్రం నా పాత దోస్తు వచ్చాడు. బాయిలో నేనూ అతనూ చాలా ఏళ్లు ఒకే షిఫ్టు. ఇద్దరం కలిసి కుక్కను కుళాయి దగ్గర నిలబెట్టి, బాయి నుంచి వచ్చాక మేం కడుక్కున్న పద్ధతిలోనే మొదలుపెట్టాం. ముందు కొబ్బరి నూనె పట్టించి, కొంచెంసేపు ఆగి, తర్వాత సబ్బు, కొబ్బరి పీచు. అది దులపరించినప్పుడల్లా మాకూ స్నానం అయింది. చివరికి కుక్క మెరిసింది. మచ్చలు ఇంకా బాగా మెరిశాయి.

నేను దిగాలుగా నిలబడ్డాను. దోస్తు మాత్రం గెలిచినవాడిలా మా ఇంటామె వైపు తిరిగాడు.

"వదినా, బొగ్గు మచ్చ కడిగితే పోతదా? అన్నకు పోయిందా? నాకు పోయిందా? ఇది పక్కా బొగ్గే. ఇగ అంటుడు సంగతంటవా, ఇన్నేండ్ల సంది అన్న పక్కన ఉంటున్నవు. నీకేమన్న మచ్చ అంటిందా?"

"మచ్చ అంటలే. అబద్ధాలు అంటినయ్," అంది ఆమె. "మొన్న పాలాయన పాలు తక్కువున్నయంటే, మా బిడ్డ కడుపుల కవలలు ఉన్నరని చెప్పిన. నా నోట్లకెల్లి గంత నున్నగ ఎట్ల వచ్చిందో నాకే తెల్వలే."

దోస్తు నవ్వి నవ్వి దగ్గాడు. ఆమె నవ్వలేదు.

"సరే, బొగ్గే అనుకుందం. దెబ్బ తాకితెనే గదా మచ్చ పడేది. గిన్ని మచ్చలకు గిన్ని దెబ్బలు ఎక్కడ తాకినయ్ దానికి?"

దోస్తు నా వైపు చూశాడు. ఇది మేం ఆలోచించని ప్రశ్న. నా నోరు నన్ను అడగకుండానే తెరుచుకుంది.

"బాయిల తాకినయ్. షిఫ్టుకు నా ఎంబడి దిగేది గదా."

"నువ్వు బాయి బందు వెట్టినంక పుట్టిన కుక్క నీ ఎంబడి దిగిందా," అని ఆమె చాట తీసుకుని లోపలికి పోయింది.

బుద్ధిమంతుడైతే అక్కడితో ఆపేవాడు. నేను మర్నాడు పొద్దున్నే చాయ్ హోటల్లో అదే మాట మళ్లీ చెప్పాను, ఈసారి ఆమె లేదు కాబట్టి బండ కూలడమూ చొక్కా పట్టి లాగడమూ చేర్చాను. కుక్క నా కాళ్ల దగ్గరే కూర్చుని తన గొప్పతనం తానే వింది. ఒకాయన దానికి బిస్కెట్ కొనిచ్చాడు. నాకు కొనివ్వలేదు.

కానీ కథకు కాళ్లు ఉంటాయి. మా హోటల్ నుంచి కూరగాయల బండి దగ్గరికి, అక్కడి నుంచి కుళాయి దగ్గరికి పోయేసరికి అది వేరే కథ అయింది. రెండు రోజుల తర్వాత మా ఇంటామె బిందె దబ్బున గచ్చు మీద పెట్టింది.

"బాయిల ఏదో గ్యాసు తాకి మన కుక్కకు ఒళ్లంత బొబ్బలు లేసినయట. కుళాయి కాడ చెప్పుకుంటున్నరు. గా మూలింటామె నన్ను జూసి బిందె పక్కకు జరుపుకున్నది. సంబురమేనా నీకు?"

నేను గొప్ప చేద్దామనుకున్న కుక్క రోగిష్టిది అయి కూర్చుంది. ఎప్పుడూ దాని మెడ నిమిరిపోయే మనుషులు ఇప్పుడు దూరం నుంచే అయ్యో అంటున్నారు. దానికేం అర్థం కాక, తోక ఊపి ఊపి, నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

అదే రోజు బామ్మర్ది ఫోన్ చేశాడు. అక్క విషయం చెప్పింది. అటు నుంచి అతని గొంతు నాకు కూడా వినబడుతోంది.

"గజ్జికి దవాఖాన ఎందుకక్కా? ట్రాక్టర్‌ల తీసిన పాత ఇంజన్ ఆయిల్ ఉన్నది. డబ్బ పట్టుకొస్త. ఒళ్లంత పూస్తే పొట్టు లెక్క రాలిపోతయ్. బావను ఫికర్ చెయ్యద్దను."

దోస్తుకు కూడా వైద్యం తోచింది. కంటి మీది కాయకు గట్టిగా దారం కడితే ఎండి ఊడిపోతుందట. ఊళ్లో ఎడ్లకు అట్లాగే కట్టేవారట. దారం కూడా తెచ్చాడు. మా ఇంటామె వంటింట్లోంచే అంది.

"కంటి మీద దారం కడ్తవా మరిదీ? ముందు నీ కన్నుకు కట్టుకో, జూస్త."

ఆమె ఎందుకంత గట్టిగా అందో అప్పుడు పట్టించుకోలేదు. నా బుర్ర నిండా ఇంజన్ ఆయిలే ఉంది. కుక్క ఒళ్లంతా నాకి నాకి శుభ్రం చేసుకునే జంతువు. ఆ నల్ల నూనె నాకితే ఏమవుతుంది? ఆ ఆలోచన రాగానే నాలోని కథలవాడు నోరు మూసుకున్నాడు. లక్సెట్టిపేటలో కుక్కల్ని బాగా చూసే డాక్టరమ్మ ఉందని విన్నాను. శుక్రవారం పొద్దున్నే ఆటో మాట్లాడాను.

చూస్తే మా ఇంటామె చెప్పులు వేసుకుని అప్పటికే ఆటోలో కూర్చుంది.

"నువ్వెందుకే?"

"డాక్టరమ్మ ఏం చెప్తదో నా చెవులతోని వింట. నువ్వచ్చి చెప్తే గది ఏ కథయితదో."

దారి పొడుగునా కుక్క తల ఆమె ఒళ్లోనే ఉంది. ఆటో కుదుపులకు అట్లా పడిందనుకున్నాను.

పశువుల దవాఖానలో మాకంటే ముందు ఒక బర్రె, కొన్ని మేకలు ఉన్నాయి. మా వంతు వచ్చాక కుక్కను బల్ల మీదికి ఎక్కించాం. వణికింది. డాక్టరమ్మ చిన్న వయసుది. చేతులకు తొడుగులు వేసుకుని, పొట్ట తిప్పి, గడ్డం ఎత్తి, రెప్ప పట్టి చూసింది. వెంట్రుకలు పక్కకు తీసి లైటు పెట్టి చూసింది. చర్మం మీంచి కొంచెం గీరి అద్దం ముక్క మీద పెట్టి, పక్క గదిలోకి పోయి వచ్చింది.

"గజ్జి పురుగు లేదు," అంది. "అయితే ఒక మాట సరిగ్గ చెప్పుండ్రి. ఈ మచ్చలు, కంటి మీది కాయ ఎప్పటి సంది ఉన్నయ్? కొత్తగ వచ్చి తొందరగ పెరుగుతుంటే చిన్న ముక్క కోసి పరీక్షకు కరీంనగర్ పంపాలె. ఎప్పటి సందో అట్లనే ఉన్నయంటే ముట్టుకునే పని లేదు."

బల్ల మీద కుక్క నా వైపు చూసింది. నేను నోరు తెరిచాను. పెరట్లో చూసినప్పుడు రాత్రికి రాత్రి వచ్చాయనుకున్నాను. హోటల్లో బాయి రోజుల నాటివన్నాను. దోస్తుతో వానల తర్వాత అన్నాను. అసలు ఎప్పటివి? గుర్తు లేకపోవడం కాదు, నేను చూడనే లేదు. ఒక్క నిజం చెబితే కత్తి తప్పుతుంది కుక్కకు, ఆ నిజం నా దగ్గర లేదు. ఇంత పెద్ద నోరు వేసుకుని ఆ బల్ల ముందు నిలబడడం ఎంత సిగ్గుగా ఉంటుందో రాస్తే కూడా పెంచి రాసినట్టే ఉంటుంది. ఇది మాత్రం పెంచలేదు.

"బాయిల..." అన్నాను, ఇంకేమీ తోచక.

"ఏ బాయిల?" అంది డాక్టరమ్మ.

మా ఇంటామె మోచేత్తో నన్ను పక్కకు జరిపింది.

"పొట్ట మీదివి పిల్లప్పటి సంది ఉన్నయి బిడ్డా. గప్పుడు ఆవగింజలంత ఉండె. అది పెరిగినకొద్ది గవి పెరిగినయ్. కొత్తవి రాలే, నేను ఎప్పటికీ జూస్తనే ఉంట. కంటి మీదిది నిరుడు పత్తి ఏరేటప్పుడు లేసింది. గప్పుడెంతో గిప్పుడూ గంతే. అది కన్ను నలుపుకోదు. గదువ కింది గింజలు ఒక్కటే కొత్తవి. పాత గిన్నె సొట్ట వోయిందని నీలం ప్లాస్టిక్ బేసిన్ తెచ్చిన, దాంట్ల అన్నం వెట్టవట్టినప్పటి సంది అయినయ్."

ఆ నీలం బేసిన్ గురించి కూడా నాకు తెలియదు. ఇంట్లో ఉన్నదేనట.

డాక్టరమ్మ తొడుగులు తీసేసింది. "అయితే పరేషాన్ గావద్దు పెద్దమ్మా. పొట్ట మీదివి మన పుట్టుమచ్చల లెక్క, ఒట్టి రంగు. కంటి మీదిది పులిపిరి. దారాలు కట్టుడు, కోసుడు ఏం చెయ్యద్దు. ఉబ్బినా, రక్తం కారినా, కంటికి రాసుకుంటున్నా తీస్కరాండ్రి. గదువకు మాత్రం మీరన్నట్టు బేసినే కావచ్చు. ప్లాస్టిక్ గీతల్ల మెతుకులు, జిడ్డు ఉంటయ్. స్టీలు గిన్నె పెట్టి రోజూ తోముండ్రి. పొద్దున గోరువెచ్చని నీళ్లతోని తుడువుండ్రి. గింజలు గిల్లద్దు."

"పసిపిల్లకు?"

"అంటేది ఏం లేదు. టీకాలు, పురుగుల మందు టైముకు వేయించుండ్రి. అయితే పొట్ట ఇంత ఎర్రగ ఎందుకున్నది? దేనితోని రుద్దిండ్రు?"

"కొబ్బరి పీచు," అన్నాను. "బొగ్గనుకున్నం."

ఆమె నా కనుబొమ్మ పైన మచ్చ చూసింది. నవ్వు ఆపుకుంటూ పెదవులు బిగబట్టింది. "మా బాపుకు మోచేతి మీద ఉన్నది," అంది. "ఇంట్ల కుక్క ఉండుంటే ఆయన గూడ గిదే పని చేసెటోడు."

బయటికి వచ్చి వేపచెట్టు నీడలో ఆటో కోసం నిలబడ్డాం. కోపం తెచ్చుకోవాలో సంతోషపడాలో నాకు తెలియలేదు.

"అన్ని నీకు ఎరుకే గదా. మరి గజ్జి గజ్జి అని ఎందుకు లొల్లి వెట్టినవ్?"

"ఎప్పటి సంది ఉన్నయో ఎరుక. అవి ఏందో నాకేమెరుక? నేను డాక్టర్‌నా? పసిగుడ్డు వస్తదని భయమైంది. గట్లంటే నువ్వు దవాఖానకు తీస్కపోతవనుకున్న. నువ్వు బొగ్గంటివి, పీచంటివి, బాయంటివి."

మూడు మాటల్లో నా వారం మొత్తం చెప్పేసింది.

తర్వాత తమ్ముడికి ఫోన్ చేసింది. "తమ్మీ, కందులు తీస్కరా. ఇంజన్ ఆయిల్ డబ్బ తేకు. గజ్జి గాదట." అటు నుంచి ఏదో అన్నాడు. "చేను కావలికా? నువ్వు పండుకో చేన్ల. నీ గురకకు అడవి పందులు గూడ దగ్గరికి రావు," అని ఫోన్ పెట్టేసింది.

ఆటోను బజారులో ఆపించింది. స్టీలు సామాన్ల కొట్టు. అడుగు బరువుగా ఉన్న గిన్నె కోసం ఒక్కొక్కటీ తీసి నేల మీద పెట్టి, వేలితో తోసి చూసింది, కుక్క తింటుంటే జరగకూడదట. చివరికి ఒకటి నచ్చింది. కొట్టాయన ఎప్పటి అలవాటుగా పేరు చెక్కే మిషన్ చేతిలోకి తీసుకున్నాడు.

"ఎవరి పేరు కొట్టాలమ్మా?"

"కుక్కకు తీస్కపోతున్నం. పేరెందుకు?" అన్నాను నేను. మా కుక్కకు పిలుపులే తప్ప పేరంటూ లేదు. నేను ఒరేయ్ అంటాను, ఆమె ఓసేయ్ అంటుంది. రెండింటికీ వస్తుంది.

"ఈయన పేరు కొట్టు," అంది ఆమె.

"దాంట్ల నేను తింటనా?"

"ఇంట్ల ఏ గిన్నె తిప్పి జూసినా నీ పేరే ఉన్నది. ఇదొక్కటి వేరే ఇంటిదా?"

మిషన్ గుర్రుమంది. ఆటోలోంచి కుక్క చెవులు లేపి చూసింది.

బిడ్డ వచ్చింది, పురుడు అయింది, మనవరాలు ఇప్పుడు బోర్లా పడుతోంది. గడ్డం కింద గింజలు చాలావరకు తగ్గాయి. పొట్ట మచ్చలు ఉన్నచోటే ఉన్నాయి. రోజూ పొద్దున్నే గోరువెచ్చని నీళ్లలో బట్ట ముంచి దాని గడ్డం తుడిచే పని నాది, తుడిచానా లేదా అని చూసే పని ఆమెది. నేను తుడుస్తుంటే అది కళ్లు మూసుకుని, కదలకుండా, చిన్నపిల్లలా నిలబడుతుంది.

నిలబడదు. మొదటి తడికే చేతిలోంచి జారి నన్ను పెరడంతా తిప్పుతుంది. చివరికి మా ఇంటామె బట్ట తీసుకుని కింద కూర్చుంటే, వచ్చి ఆమె చేతిలో గడ్డం పెడుతుంది.